ఎడమచేతి చుక్కలు

నాటింగ్‌హామ్‌లోని ఒక లైబ్రరీకి పాత జింకు బ్లాకు దొరికింది. వెనకటి సైన్సు కథల పత్రికల్లో, గరుకు కాగితం మీద, కథ మధ్యలో నల్లసిరా బొమ్మలు వేసేవారు. అలాంటి బొమ్మను 1940ల్లో అచ్చు వేసిన బ్లాకు అది. అరచేతి కంటే కొంచెం పెద్దది. చనిపోయిన ఎవరో పెద్దమనిషి అటక మీద నుంచి పత్రికల కట్టలతో పాటు వచ్చింది. అక్కడ ప్రదర్శనలు చూసుకునే హెలెన్‌కు ఒక ఆలోచన పుట్టింది. ఆ బొమ్మలన్నీ గోడలకు పెట్టి, మొదటి రోజున జనం ముందర ఆ బ్లాకుతో అచ్చు తీయించాలని. చేత్తో తిప్పే చిన్న ప్రెస్సు అరువు తెచ్చింది. అచ్చు తీయడం మాత్రం ఎవరికీ రాదు.

అప్పుడు వర్షితకు శుభాకర్ గుర్తొచ్చాడు. వర్షిత మ్యూజియం చదువుకని వరంగల్ నుంచి వచ్చిన పిల్ల. ఆ లైబ్రరీలోనే పని నేర్చుకుంటోంది. శుభాకర్ కూతురు ప్రేమలీల ఇంట్లో పైగది అద్దెకు తీసుకుంది.

“అంకుల్, మీరు బ్లాకులు చేసేటోళ్లని అక్క చెప్పింది. ఒక్కసారి వచ్చి చూస్తరా?”

శుభాకర్ లేచి కోటు వేసుకున్నాడు. అదే జవాబు. డెబ్బై రెండేళ్ల మనిషి. బడికి వెళ్లింది మూడేళ్లు. మిగతా చదువంతా విజయవాడలో యాసిడ్ తొట్టి పక్కన, తిరగేసి ఉన్న అక్షరాల్లో. ముప్పై ఎనిమిదేళ్లు బ్లాకులు చేశాడు. కొత్త యంత్రాలొచ్చి ఆ పని పోయింది. కూతురు ఇక్కడ నర్సు కాబట్టి ఆరేళ్ల కిందట ఇక్కడికొచ్చాడు. టీ కావాలన్నా కప్పు ముందుకు జరుపుతాడు తప్ప నోరు తెరవడు.

బ్లాకు చేతిలోకి రాగానే బొటనవేలు దానంతట అదే అంచు మీదికి పోయింది. గుడ్డతో తుడిచి, కిటికీ దగ్గరకు తీసుకెళ్లి, భూతద్దం పెట్టుకున్నాడు. రాతి మీద ఒక మనిషి, నెత్తిన గాజు బుడగ. వెనక రాకెట్టు. దాని వెనక ఆకాశం, అందులో వందల చుక్కలు.

ఆ బొమ్మను మొదట చేత్తో గీసిన కాగితం కూడా గోడ మీద, అద్దం బిగించిన ఫ్రేములో ఉంది. అందులో ఆకాశం నున్నగా నల్లగా ఉంది. ఒక్క చుక్క లేదు. వయసు మీద పడి చుక్కలకు పెట్టిన తెల్లరంగు రాలిపోయిందని కింద కార్డులో రాశారు. ఆ చుక్కల ఆకాశం గొప్పదనీ, అది గీసినవాడి పేరు ఫలానా అనీ కూడా రాశారు. వర్షిత చదివి చెప్పింది.

శుభాకర్ అద్దం దగ్గరకు వెళ్లి చూశాడు. మళ్లీ బ్లాకు చూశాడు. మళ్లీ అద్దం. పావుగంట అయ్యాక అన్నాడు.

“రంగు రాలలా. అసలు పెడితేగా.”

ఇక ఈ ఆరేళ్లలో మాట్లాడనన్ని మాటలు మాట్లాడాడు. అంత నలుపును నాసిరకం కాగితం మీద అచ్చు వేస్తే సిరా ముద్దగా పట్టి పక్క పేజీకి అంటుకుంటుంది. అందుకని బ్లాకు చేసేవాడు సన్న ఉలితో నలుపులో అక్కడక్కడా గిల్లుతాడు. గిల్లినచోట తెల్లగా పడుతుంది. తనూ గిల్లాడు. ఎన్ని వారపత్రికల్లో ఎన్ని చీకటి రాత్రులో. ఇక్కడ ఆకాశం కాబట్టి చుక్కలయ్యాయి. కానీ ఈ బ్లాకు చేసినవాడు ఊరికే గిల్లి వదిలెయ్యలేదు. రాకెట్టు దగ్గర దట్టంగా, పోనుపోను పలచగా, చూసి చూసి పెట్టాడు.

“బొమ్మలో గీతలన్నీ కుడిచేతివి. ఈ గుంటలన్నిటికీ, ఉలి లేచినచోట, తోక ఇటు పక్కకుంది చూడు. ఎడమచేతోడు. ఇద్దరు మనుషులమ్మాయ్.”

వర్షిత భూతద్దం పెట్టుకుని చూసింది. తోకలు కనబడ్డాయి.

హెలెన్‌కూ కనబడ్డాయి. చాలా బాగుందని మెచ్చుకుంది. కానీ కార్డు మార్చడం కుదరదంది. కార్డులన్నీ కౌన్సిల్ కమిటీ చూసి ఒప్పుకున్నవి. పైగా ఆ మనిషి ఎవరో తెలియదు.

“పేరు తెల్వకుంటే కార్డు మీద ఎట్ల రాస్తం అంటుంది అంకుల్.”

“తెలవదనే రాయమను.”

హెలెన్ నవ్వి, పని చూసుకోవడానికి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం ఇంట్లో ప్రేమలీల తండ్రిని మెత్తగా మందలించింది. వాళ్ల లైబ్రరీ, వాళ్ల కార్డు. మధ్యలో ఈ పిల్లకు మాట వస్తుంది. శుభాకర్ అన్నం కలుపుకుంటూ విన్నాడు. ముప్పై ఎనిమిదేళ్లు బొమ్మ కింద బొమ్మ వేసినవాడి సంతకం పడింది. బ్లాకు చేసినవాడి పేరు అడగాలని అప్పుడు తనకే తోచలేదు. ఇప్పుడు తోచింది. తన కోసం అడగడానికి ఏ పత్రికా మిగల్లేదు. ఈ ఎడమచేతివాడి బ్లాకు మిగిలింది.

ప్రదర్శన మొదటి రోజు, శనివారం మధ్యాహ్నం జనం వచ్చారు. ముప్పై మంది దాకా ఉంటారు. శుభాకర్ బ్లాకు అడుగున పల్చటి కాగితాలు అంటించి ఎత్తు సరిచేశాడు. సిరా డబ్బా మూత తీసి, రోలరు తిప్పి, గాజు పలక మీద సిరా పరిచాడు. హెలెన్ నాలుగు మాటలు మాట్లాడి, ఇక కానివ్వమన్నట్టు చెయ్యి చూపింది.

శుభాకర్ రోలరు పక్కన పెట్టి చేతులు కట్టుకున్నాడు.

హెలెన్ వర్షితను చూసింది. వర్షిత మెల్లగా అడిగింది.

“ఏమైంది అంకుల్?”

“వాడికీ కార్డు పెడితే అచ్చు తీస్తా. లేకపోతే ఆవిడ్నే తీసుకోమను. నువ్వు పక్కకు జరుగమ్మా, నీకెందుకు మాట.”

“నేను జరిగితే మీ మాట ఎవరికి సమజైతది,” అంది వర్షిత. అక్కడే నిలబడి, ఆయన అన్నది అన్నట్టుగా ఇంగ్లీషులో చెప్పింది. మెడ దాకా ఎర్రబడింది గానీ గొంతు తగ్గించలేదు.

హెలెన్ మొహం బిగుసుకుంది. ఇది సమయం కాదంది. సోమవారం మాట్లాడుకుందామంది. శుభాకర్ కోటు జేబులోంచి తెల్ల అట్టముక్క తీశాడు. ఇంట్లోనే రాసి తెచ్చుకున్నాడు. పెద్ద పెద్ద తెలుగు అక్షరాలు, కొంచెం వంకర. గోడ దగ్గరకు నడిచి, ఆ కార్డు పక్కనే అంటించాడు. బొటనవేలి సిరా అట్ట మూల మీదా గోడ మీదా పడింది.

ఇక్కడ ఎవరూ దాన్ని చదవలేరని హెలెన్ అంది. వర్షిత ఆ మాట ఆయనకు తెలుగులో చెప్పింది.

“మీ కార్డులన్నీ నాకు అట్టాగే ఉన్నాయని చెప్పు. నేనేమన్నా పీకేశానా?”

వర్షిత అది కూడా చెప్పింది. వెనక ఎవరో నవ్వారు. హెలెన్ అట్టముక్క తీయడానికి చెయ్యి చాపింది. శుభాకర్ సిరా డబ్బా మూత పెట్టేశాడు. రోలరు తుడవడం మొదలుపెట్టాడు. తొందరేమీ లేదు. పని అయిపోయిన మనిషి తుడిచినట్టు తుడుస్తున్నాడు.

ముందు వరసలో నిలబడ్డ ముసలాయన, చేతికర్ర ఉన్నాయన, అందులో ఏముందని అడిగాడు. వర్షిత గట్టిగా చదివింది, మొదట తెలుగులో, తర్వాత ఇంగ్లీషులో.

“చుక్కలు పెట్టినవాడు బ్లాకు చేసినవాడు. పేరు తెలియదు. ఎడమచేతివాడు.”

ముసలాయన కర్రను ఎడమచేతిలోంచి కుడిచేతికి మార్చుకుని, బ్లాకు దగ్గరకు వచ్చి వంగాడు. శుభాకర్ భూతద్దం అందించాడు. తోకలు ఎటున్నాయో చిటికెన వేలితో చూపించాడు. ఆయన చాలాసేపు చూసి పక్కావిడకు ఇచ్చాడు. ఆవిడ వెనకున్నవాళ్లకు ఇచ్చింది. వరస కట్టారు. హెలెన్ చెయ్యి దించింది.

శుభాకర్ మూత తీశాడు. ఆ మధ్యాహ్నం నలభై దాకా అచ్చులు తీశాడు. ఆకాశం ఎక్కడా ముద్ద కట్టలేదు.

సోమవారం పొద్దున వెళ్లేసరికి గోడ మీద అట్టముక్క లేదు. సిరా మరక మాత్రం అంచున సన్నగా ఉంది. ఎవరు తీశారని ఆయన అడగలేదు. జేబులోంచి ఇంకోటి తీసి, అదే చోట అంటించి, అరచేత్తో గట్టిగా అదిమాడు. గది చివర బల్ల దగ్గర హెలెన్ కంప్యూటరు మీంచి తలెత్తి చూసింది. ఆయన కూడా ఆవిణ్ని చూశాడు. చూపు తిప్పుకోలేదు.

ప్రదర్శన ఆరు వారాలు. ఇంట్లో వంటింటి బల్ల మీద, రబ్బరు బ్యాండు చుట్టి, రాసి పెట్టిన అట్టముక్కలు ఇంకా ముప్పై నాలుగు ఉన్నాయి.