గంజిదూది పలక

మాధవయ్య ఆ మాట అంటున్నప్పుడు మహానందమ్మ వంటింట్లో కాఫీ వడపోస్తోంది.

“నేనే కనిపెట్టినా సార్. మా ఆడమనిషి రోంత సాయం చేస్తాది, అంతే.”

ఆళ్లగడ్డలో వాళ్లది ఐస్‌క్రీం అంగడి, వెనకే ఇల్లు. ఆమధ్య చీరలకు పెట్టే గంజిలో దూది పడితే, పారేయబుద్ధికాక ఆమె ఆ గిన్నెను ఫ్రీజర్లో ఓ మూలకు తోసి మరిచిపోయింది. వేసవి దాటాక తీసి చూస్తే, గడ్డకట్టిన నీరు కరగకుండానే ఆవిరైపోయి, అందులో నీటిచుక్క లేదు. ఆరిన నురుగులాంటి పలక ఒకటి మిగిలింది. అరచేతిలో పెట్టుకుంటే ఉన్నట్టే లేదు. నొక్కితే అణిగింది, వదిలితే లేచింది. అలాంటి పలకలు చుట్టూ పేర్చిన డబ్బాలో కుల్ఫీ కరగకుండా యాగంటి తిరునాళ్లకు చేరింది.

ఆ పలకలు చేసి చూస్తున్నన్నాళ్లూ మాధవయ్య ఏమన్నాడు? “దూది పిచ్చి పట్టిందే నీకు! ఫ్రీజర్ నిండా గంజి గిన్నెలు పెడితే సరుకు నా నెత్తిన పెట్టుకోవాల్నా?” గంజి చిక్కనైతే పలక పెళుసుగా విరిగేది, పలచనైతే పొడిపొడిగా రాలేది. ఆ నష్టమంతా ఆమెదే. పడిన తిట్లు కూడా ఆమె పెట్టుబడే. లాభం వాకిట్లోకి వచ్చాక మాత్రం యజమాని మారిపోయాడు.

వచ్చింది నంద్యాల ఇంజినీరింగ్ కాలేజీ లెక్చరర్ రాజరత్నం. పలకను వేలితో నొక్కి చూస్తూ మురిసిపోతున్నాడు. “మేం ఏరోజెల్ అంటామే, అలాంటిదే ఇది. సన్నటి పోగుల మధ్య గాలి కదలకుండా చిక్కుకుపోతుంది. అందుకే వేడి లోపలికి దాటదు. రేపు మా పిల్లల ముందు, మీ పేరు చెప్పి, ఎలా చేయాలో చూపిస్తాను. పాళ్లు ఎంతెంత?”

మాధవయ్య వంటింట్లోకి వచ్చిపడ్డాడు. “గంజి ఎంత, దూది ఎంత? తొందరగా చెప్పు.”

“నా పేరు చెప్పకపోతివే?”

“నీ పేరూ నా పేరూ వేరేనా ఏందీ?”

“వేరే కాకుంటే నా పేరే చెప్పు పో.”

“పెండ్లాం నేర్పిందంటే ఊరంతా నవ్వదా?”

ఇన్నేళ్ల కాపురంలో ఆమెకు అందని లెక్క ఆ ఒక్క మాటతో తేలింది. ఇచ్చేటప్పుడే ఇద్దరూ ఒకటి. తీసుకునేటప్పుడు పేర్లు రెండు.

“సారుకు కాఫీ నువ్వు తీసుకరా” అని భర్తతో చెప్పి, ఆమె ముందు గదిలోకి నడిచింది. రాజరత్నానికి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

“చేసింది నేను సార్. అడిగేది నన్నడగండి.”