పదిహేడు మార్కులు

1963 ఎండాకాలంలో మక్తల్ దగ్గరి గొర్రెలు కాసే కురుమల పల్లెకు హైదరాబాదు నుంచి అమరేందర్ అనే పరిశోధకుడు ఇరవై ప్రశ్నల కాగితాలతో వచ్చాడు. ఎవరి మనసు ఎంత కలతపడిందో వాటితో తేలుతుందట. ఎక్కడో విదేశంలో తయారైన ప్రశ్నలను పట్నంలో తెలుగు చేశారు.

భర్త పోయాక అరవై గొర్రెల మందను ఒంటిగా కాస్తున్న గోపమ్మ అరుగు మీద కూర్చుని జవాబులు చెప్పింది.

“రాత్రిళ్లు నిద్ర చెడుతుందా?”

“తోడేళ్లు తిరుగుతుంటె మంద కాడ నిద్రేడిది సారూ?”

“చనిపోయినవాళ్లతో మాట్లాడతారా?”

“మా ఆయనకు చెప్పకుంట మందను ఏ దిక్కూ తోల.”

అమరేందర్ లెక్క కూడి, “పదిహేడు. ఎనిమిది దాటితే మనసు చెదిరినట్టే” అని పైకే అనేశాడు.

పక్కనే నిలబడ్డ మరిది ఐలేశానికి ఆ మాట చాలు. మర్నాడే కులపెద్ద కురుమయ్య ముందు పంచాయితీ పెట్టించాడు. “పిచ్చిదాని చేతుల మంద ఉంటె ఒక్క గొర్రె మిగల్ది.” మంద అతని దొడ్డికి చేరింది.

గోపమ్మ ఏడవలేదు. ఆ ప్రశ్నలనే రోజూ తలపోసింది. గొర్రెలు కాసేవాడెవడైనా అవే జవాబులు చెప్తాడని ఆమెకు తట్టింది.

రెండు నెలలకు అమరేందర్ మళ్లీ వచ్చాడు. జవాబులు నిలకడగా ఉన్నాయో లేదో చూడాలట. గోపమ్మ వెళ్లి కురుమయ్యనూ పెద్దలనూ పిలుచుకొచ్చింది.

“సారూ, ముంగట మా మరిదిని అడుగు. గిప్పుడు మంద కాసేది ఆయనే.”

మంద కోసం తానెంత కష్టపడుతున్నాడో పెద్దల ముందు చెప్పుకోవచ్చని ఐలేశం మీసం దువ్వుకుని కూర్చున్నాడు.

“నిద్ర?”

“రెండు నెల్లాయె, కన్ను మూస్తె ఒట్టు.”

“చనిపోయినవాళ్లు?”

“మా అన్న కండ్లల్లనే మెదుల్తడు. రోజూ దండం పెట్టి మాట్లాడుత.”

పద్దెనిమిది వచ్చాయి. గోపమ్మ పట్టుబట్టడంతో కురుమయ్యనూ అడిగారు. పదహారు.

“నేను పిచ్చిదాన్నయితే వీడేంది? నువ్వేంది పెద్దయ్యా?” అంది గోపమ్మ.

“ఈ ప్రశ్నలు ఇక్కడ పనికిరావు. ఆ రోజు నేను తప్పు మాట అన్నాను” అన్నాడు అమరేందర్, చెమట తుడుచుకుంటూ.

మంద ఇప్పిస్తామన్నారు పెద్దలు. గోపమ్మకు అది సరిపోలేదు.

“వాడే తోలుకొని రావాలె. ఇంటింటి ముంగట ఆగి, మా వదినెకు పిచ్చి లేదు, నాకే ఆశ పుట్టిందని చెప్పాలె.”

ఐలేశం ముప్పై గడపల ముందు ఆ మాట చెప్పాడు. గొంతు తగ్గించిన ప్రతిసారీ, “ఇనవడలే” అని గోపమ్మ మళ్లీ చెప్పించింది.

మరుసటి ఏడు మేత కరువై, మందలను దూరం తోలాల్సి వచ్చింది. ఐలేశం తన పన్నెండు గొర్రెలను ఆమె మందలో కలుపుకొమ్మని బతిమాలాడు.

“వదినె, జర దయ సూడు.”

“నీయి నువ్వే కాసుకో” అని గోపమ్మ కుక్కను అదిలించి, మందను కృష్ణ ఒడ్డుకు మళ్లించింది.