పాస్టరుగారు పారేయమన్న తొట్టి

నేను ఒక పశువుల తొట్టిని. నల్లతుమ్మ మొద్దును తొలిచి చేసినదాన్ని. క్రిస్మస్ అనగానే మీకు కాగితపు నక్షత్రం గుర్తొస్తుంది, కేకు గుర్తొస్తుంది, దూది గడ్డం తాత గుర్తొస్తాడు. నేను గుర్తురాను. ఆ బిడ్డను పుట్టగానే పడుకోబెట్టింది నక్షత్రంలో కాదు, కేకు మీద కాదు, నాలాంటి దాంట్లో. నా కోపానికి అదొక్కటే కారణమైతే ఎప్పుడో చల్లారిపోయేది. ఇంకా ఉన్నాయి. వినండి.

రేపల్లె వైపు కాలవగట్టు మీద గాలివానకు కూలిన చెట్టు నుంచి బ్రహ్మలింగాచారి అనే వడ్రంగి నన్ను తీశాడు. తుమ్మ చేవ ఇనుముతో సమానం. బాడిసె పట్టుకుని పదకొండు రోజులు తొలిచాడు. "ఓసి నీ మొండితనం తగలెయ్య!" అని తిట్టని పూట లేదు. తిడుతూనే, గేదె మెడ ఒరుసుకోకుండా అంచులు మాత్రం నున్నగా చెక్కాడు. నన్ను వీరరాఘవయ్య అనే కామందు గొడ్లసావిట్లో దించారు. కుడితి, తవుడు, చిట్టు, పచ్చగడ్డి. ఐదేళ్ళు అలా గడిచాయి. గేదెల మీద నాకే ఫిర్యాదూ లేదు.

ఆ సావిడి ఊడ్చి పేడ ఎత్తే మనిషి దీనమ్మ. ఊరికి దూరంగా, కాలవ అవతల ఉన్న పేట నుంచి వచ్చేది. ఇరవై ఏళ్ళుంటాయేమో. నెలలు నిండాక కూడా పని మానలేదు, మాననివ్వలేదు. వానాకాలంలో ఒకసారి మూడు రోజులు విడవకుండా ముసురు పట్టింది. మధ్యాహ్నం పూట, తట్ట చేతిలో ఉండగానే దీనమ్మకు నొప్పులొచ్చాయి. పేటకు పోయే దారి మొలలోతు నీళ్ళలో ఉంది. ఇంటి వెనక వసారాలోకి రానివ్వమని బతిమాలింది. కామందు తల్లి తలుపుకు అడ్డంగా నిలబడి, "అక్కడే కానియ్యే, గడప తొక్కమాక" అంది. ఆ ఇంట్లో ఏడు గదులున్నాయి.

పాలు పిండడానికి వచ్చిన కోటమ్మ పురుడు పోసింది. ఆడపిల్ల. నేలంతా నీళ్ళూ పేడా. సావిడి మొత్తంలో పొడిగా ఉన్నది నేనొక్కదాన్నే. కోటమ్మ నాలో గడ్డి పరిచి, తన పాత చీర చెంగు చింపి, బిడ్డను చుట్టి పడుకోబెట్టింది. మేత కోసం వచ్చిన గేదె తల వంచి చూసింది. బిడ్డ మీద వెచ్చగా ఊపిరి వదిలి, పక్కకు జరిగి నిలబడింది. గడప దగ్గరి మనిషికి తోచనిది దానికి తోచింది.

మర్నాడు కామందు తల్లి సావిట్లోకి వచ్చి, ముక్కుకు చెంగు అడ్డం పెట్టుకుని నన్ను చూసింది. "మైల పడింది. ఇక గొడ్లకు ఇందులో పెట్టమాకండి" అంది. గొడ్లేమీ అభ్యంతరం చెప్పలేదు. అయినా నన్ను దొడ్డి వెనక పెంటదిబ్బ మీదికి దొర్లించారు. ఐదేళ్ళుగా గేదెల చొంగ పడితే లేని మైల ఒక్క పూట మనిషి బిడ్డ పడుకుంటే వచ్చింది! ఆ దిబ్బ మీద పడి ఉన్న నెల రోజుల్లో నా కోపానికి చేవ కట్టింది.

పురిటి నెల గడవగానే దీనమ్మ తన అన్నదమ్ములిద్దరినీ బండితో తీసుకొచ్చింది. "ఆ మొద్దెందుకే నీకు?" అన్నాడు పెద్దన్న. "నా కూతురు పడుకుంది. నా కూతురిది" అంది. 

పేటలో అప్పటికి తాటాకు ప్రార్థన మందిరం ఉంది కానీ క్రిస్మస్ అంటే ఓ పాట, ఓ ప్రార్థన, అంతే. ఆ డిసెంబరులో దీనమ్మ నన్ను కడిగి మందిరంలో పెట్టి, కొత్త గడ్డి వేసి, కూతురు సలోమిని పడుకోబెట్టింది. వాక్యం చదివే పెద్దాయన తొట్టి మాట దగ్గరకు వచ్చేసరికి పుస్తకం దించి నాలోకి చూశాడు. పేట పేటంతా ఏడ్చింది. మరుసటి ఏడు ఇంకో బిడ్డ. ప్రతి ఏడూ పేటలో అందరికన్నా చిన్న బిడ్డ ఎవరైతే వాళ్ళు. పండుగ ఎలా పుట్టిందని లోకం ఏమైనా అననీ, ఆ పేటలో పండుగ అలా పుట్టింది. నాలో పడుకున్న వాళ్ళలో కొందరు నిద్రపోయారు, కొందరు నన్ను తడిపారు. ఒకడు పెద్దయ్యాక ఆఫీసులో గుమాస్తా అయ్యి నావైపు చూడటమే మానేశాడు. మనుషులు కదా!

ఏళ్ళు గడిచాయి. తాటాకు పోయి స్లాబు వచ్చింది. సలోమి చదువుకుని హైస్కూల్లో సోషల్ టీచరయింది, పేటలోనే కాపురం. పోయినేడు మందిరానికి కొత్త పాస్టరు వచ్చాడు. పేరు హోషేయ. చెడ్డవాడని చెప్పను. రోగుల దగ్గరికి పిలవకుండానే వెళ్ళేవాడు. కానీ పట్నంలో రెండేళ్ళు చదివి వచ్చిన చదువు ఆయన్ని కుదురుగా ఉండనివ్వలేదు.

ఆ ఏడు డిసెంబరు మొదటి ఆదివారం ఆరాధనలో పుస్తకం మూసి, "ఇరవై ఐదో తేదీ అని గ్రంథంలో ఎక్కడుంది? చూపించండి" అన్నాడు. "లేదు! రోమా వాళ్ళు సూర్యుడికి చేసుకునే పండుగ అది. విగ్రహారాధన. నక్షత్రాలు, చెట్లు, ఆ తొట్టి, అన్నీ బయట పారేయండి. ఈ ఏటి నుంచి మనకు క్రిస్మస్ లేదు."

 సలోమి లేచి నిలబడింది.

"తేదీ లేదు అయ్యగారూ, నిజమే. మొదట్లో రెండు మూడు వందల ఏళ్ళు ఈ పండుగ చేసిన జాడే లేదు. తర్వాత రోమాలో ఆ తేదీ పెట్టారు. సూర్యుడి పండుగకు పోటీగా పెట్టారని కొందరంటారు. మార్చిలో గర్భం నిలిచిందని లెక్కగట్టి తొమ్మిది నెలలు కలిపారని ఇంకొందరంటారు. రూఢిగా ఎవరికీ తెలీదు. మరి నేను పుట్టిన తేదీ మీకు తెలుసా?"

"అదేం ప్రశ్నమ్మా?"

"రికార్డులో జులై ఒకటి. మా హెడ్మాస్టరుగారు బళ్ళో చేర్చుకుంటూ రాసేసుకున్నారు. ఈ పేటలో నా ఈడు వాళ్ళందరిదీ జులై ఒకటే. గొప్పోళ్ళ బిడ్డలకే తేదీలుండేది. తేదీ తప్పని చెప్పి మేం పుట్టలేదంటారా? తేదీ రాయని ఆ గ్రంథంలోనే తొట్టి సంగతి రాసుంది. మీరు పారేయమంటున్నది దాన్నే."

పాస్టరు ముఖం ఎర్రబడింది. "సంఘంలో ఆడవాళ్ళు బోధించడం తగదు. కూర్చోండి" అన్నాడు.

అప్పుడు లేచింది దీనమ్మ. డెబ్బై దాటిన మనిషి. లేవడానికి నా అంచు పట్టుకుంది. లేచాక కూడా వదల్లేదు. 

"ఏందయ్యా తగంది? ఆ కామందు తల్లి నా బిడ్డ పడుకుందని దీన్ని దిబ్బ మీద పారేసింది. నువ్వు నీ దేవుడు పడుకున్నాడని పారేస్తావా? ఆమెకి చదువు లేదు. నీకేమొచ్చింది?"

అంటూనే ఆమె నన్ను తలుపు వైపు లాగడం మొదలుపెట్టింది. అంగుళం కదిలానో లేదో. సలోమి వచ్చి పట్టుకుంది. ఇంకో ఇద్దరు. తర్వాత ఎవరు ఎటు పట్టుకున్నారో చూడలేదు. ఆ మందిరం నుంచి నన్ను ఎవరూ పారేయలేదు. వాళ్ళే మోసుకుపోయారు.

పేట రెండు ముక్కలైంది. ఒకే ఇంటి అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేశారు. పండుగ నాడు పాస్టరు మందిరానికి తాళం వేశాడు. పొద్దున తొమ్మిదింటికి దీనమ్మ వాకిట్లో షామియానా కింద నన్ను పెట్టారు. గడ్డి పరిచారు. బిడ్డ ఎవరన్న మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు. ఆ ఏడు పేటలో అందరికన్నా చిన్నవాడు పాస్టరు కొడుకు. రెండు నెలలవాడు.

పాటలు సగమయ్యాక పాస్టరు భార్య ప్రిస్కిల్లా బిడ్డను భుజాన వేసుకుని వచ్చింది. నెమ్మదైన పిల్ల, గొంతు ఎత్తి మాట్లాడి ఎరగదు.

"దీనమ్మత్తా, ఈ యేడు వీడేనంటగా" అంది.

"మీ ఆయనకి చెప్పే వచ్చావా?"

"చెప్పే వచ్చా. వద్దన్నాడు. అయినా వచ్చా."

దీనమ్మ నవ్వలేదు, కళ్ళు తుడుచుకోలేదు. గడ్డి మీద మెత్తటి గుడ్డ సర్ది, బిడ్డను అందుకుని నాలో పడుకోబెట్టింది. వాడు పిడికిలి నోట్లో పెట్టుకుని షామియానా చిల్లుల్లోంచి వచ్చే ఎండను చూస్తూ పడుకున్నాడు. సలోమి వాక్యం చదివింది. ఆ రోజు ఆమెను కూర్చోమనేవాళ్ళు లేరు.

భోజనాలయ్యేసరికి పాస్టరు వాకిలి బయట నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచో తెలీదు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. ఎంగిలాకులు తీసేశారు, షామియానా విప్పారు. నన్ను వసారాలోకి చేర్చడానికి మూడు మూలలా ఆడవాళ్ళు వంగారు. నాలుగో మూల ఖాళీగా ఉంది. ఆయన చెప్పులు విడిచి వచ్చి, "దీనమ్మగారూ, నేనేమన్నానంటే..." అని మొదలుపెట్టాడు.

"మాటలు తర్వాత. ముందు ఆ మూల ఎత్తండి" అంది దీనమ్మ.

ఎత్తాడు. చేతులకు పని అలవాటు లేదు, తుమ్మ బరువుకు మెడ నరాలు ఉబ్బాయి. నా కోపం పోలేదు, పోదు కూడా. ఆ మూలన నేను కావాలనే ఇంకాస్త బరువయ్యాను. అయినా ఆయన దించేయలేదు.