నూటికి పంతొమ్మిది

మునిరాజు మీద గుండు ఎవడు పేల్చాడో నాకు తెలియదు గానీ, వాణ్ణి అక్కడిదాకా పంపింది మాత్రం నా నోరే.

కబ్బన్‌పేటలో మగ్గాల సందు చివర మా బడి. లెక్కలు నేనే చెబుతాను. తండ్రి పోయాడని మునిరాజును మగ్గం గుంటలోకి దించబోతే, వాళ్ళమ్మ అంజినమ్మతో మూడుసార్లు ఇంటికి వెళ్ళి మరీ పోట్లాడాను. యుద్ధం వచ్చి పటాలంలోకి మనుషుల్ని తీసుకుంటున్నప్పుడు కూడా నా ఉపన్యాసం ఆగలేదు. "చదువు లేనివాడు మూటలు మోస్తాడు, తూటాలకు ఎదురు నిలబడతాడు. చదివినవాడికి వెనకాల కుర్చీ వేస్తారు" అన్నాను. పటాలం ముఖం నేనెన్నడూ చూడలేదు. అయ్యవారికి తెలియని సంగతి ఉంటుందని ఎవరికీ తోచదు, ముఖ్యంగా అయ్యవారికి.

మునిరాజు ఎనిమిదో క్లాసు పాసు కాగితం చూసి పటాలంవాళ్ళు వాణ్ణి వైర్‌లెస్ పనిలో వేసుకున్నారు. నలభై నాలుగులో బర్మా పొలిమేర నుంచి వాడి చావు కబురు వచ్చింది. వాడితోపాటు వెళ్ళిన మారప్ప మూడో క్లాసులోనే నా బెత్తానికి దండం పెట్టి పారిపోయిన మొద్దు. వాణ్ణి మూటలు మోసే దళంలో చేర్చుకున్నారు. మరుసటేడు ఫిబ్రవరిలో, మలేరియాతో ఎముకల గూడై, బతికి వచ్చాడు.

"వైర్‌లెస్ గడ కనపడితే సాలు అయ్యోరా, మొదటి గుండు దానికే" అని చెప్పాడు, అంజినమ్మ వింటుండగానే. "మేము యెనకాల బియ్యం మూటల కాడ ఉంటిమి."

మార్చి పరీక్షలయ్యాక అంజినమ్మ బడికి వచ్చింది. ఆమె రెండో కొడుకు చిన్నప్ప అప్పుడు ఎనిమిదో క్లాసు. పదిహేడేళ్ళు నిండాయి. అన్న చేసిన పనిలోకే పోతానని పట్టుబట్టి, పాసు కాగితం కోసం కాచుకొని ఉన్నాడు.

"వాణ్ణి ఫేలు చేయండి అయ్యోరా" అంది.

వినపడనట్టు పుస్తకాలు సర్దుకున్నాను.

"కాగితం లేకుంటే వైర్‌లెస్‌లోకి తీసుకోరంట. మూటలు మోసేదానికి వాడు పోడు, రోషగాడు. మగ్గంలో కూసుంటాడు. నా కండ్ల ముందర ఉంటాడు."

నాకు ఒళ్ళు మండింది. మూటలు మోసేవాళ్ళు చావడం లేదా, చదువా నీ కొడుకును చంపింది అని బడి అదిరేలా అరిచాను. ఆమె చెంగు నోటికి అడ్డం పెట్టుకొని అంతా విన్నది.

"పెద్దోడప్పుడు మీరు చెప్పినారు, నేను వింటిని" అంది చివరికి. "ఇప్పుడు నేను చెప్తా ఉండాను."



చిన్నప్పకు లెక్కల్లో తొంభై ఒకటి వచ్చాయి. పోయిన తొమ్మిదీ గజిబిజి రాతకు నేను కోసినవే. రిజిస్టరులో అంకెలు తిరగేసి పంతొమ్మిది వేశాను. ఎవరైనా పట్టుకుంటే చెయ్యి తడబడింది అనొచ్చని కూడా ముందే ఆలోచించుకున్నాను. అంత పిరికివాణ్ణి నేను.

చిన్నప్ప మగ్గంలో కూర్చున్నాడు. ఆగస్టులో యుద్ధం ముగిసింది. ఐదు నెలలు వాణ్ణి ఎలాగో ఆపి ఉంటే సరిపోయేది. అంజినమ్మ దారిలో కనిపించినప్పుడల్లా చేతులు జోడించేది. ఆ దండం తప్పించుకోవడానికి నేను చుట్టుదారిన ఇంటికి పోయేవాణ్ణి.

దసరా సెలవులయ్యాక ఒక సాయంత్రం చిన్నప్పే బడికి వచ్చాడు. విమానాల ఫ్యాక్టరీలో పని నేర్చుకొనే కుర్రాళ్ళను తీసుకుంటున్నారట, ఎనిమిది పాసై ఉండాలట.

"మళ్ళీ పరీక్ష రాస్తా అయ్యోరా. అమ్మ కూడా సరే అనింది. నాకు ఏ లెక్క తప్పిందో చెప్పండి, దిద్దుకొంటా."

నిజం చెబితే నా ఉద్యోగం పోతుంది. ఇంట్లో నా జీతం మీద బతికేవాళ్ళు ఐదుగురు. "చాలా తప్పాయి. ముఖ్యంగా ఆ కాలువ లెక్క" అన్నాను, నోటికి వచ్చినదేదో.

వాడు బోర్డు దగ్గరికి వెళ్ళాడు. పన్నెండు మంది పద్దెనిమిది రోజుల్లో తవ్వే కాలువ తొమ్మిది మందికి ఎన్ని రోజులు పడుతుంది? ప్రశ్న వాడికి అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. గబగబా చేసి ఇరవై నాలుగు అని వేసి, కింద రెండు గీతలు గీశాడు.

"పరీక్షలోనూ ఇట్లే రాస్తిని" అన్నాడు. "ఇది సరేనా అయ్యోరా?"

సరే అంటే మిగతాదంతా చెప్పాలి. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

వాడు మళ్ళీ బోర్డు వైపు తిరిగాడు. పై నుంచి కిందికి వేలు పెట్టి చూసుకున్నాడు.

"తప్పు యాడుండాదో కూడా నాకు తెలీట్లేదు" అన్నాడు మెల్లగా. "అన్న తల నాకు లేదు. వొద్దులే అయ్యోరా."

సరైన లెక్కను అరచేత్తో శుభ్రంగా తుడిచేసి, మగ్గానికి వెళ్ళిపోయాడు.