సాక్షి వెనక కుర్చీ

"నీలం వద్దు మేడమ్, బూడిద రంగు వేసుకోండి" అన్నాడు మేజర్ టాలివర్, హోటల్ గది గుమ్మంలో నిలబడి. "చనిపోయిన కుర్రాడి భార్య నల్లబట్టల్లో వస్తుంది. అక్కడ ఆమె ఏడుస్తుంటే ఇక్కడ మీరు నీలం గౌనులో మెరిసిపోతే, టీవీలో చూసేవాళ్ళకి పండక్కి వచ్చినట్టుంటుంది."

కొరీన్ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి సరేనంది. పత్రికలవాళ్ళతో వ్యవహారాలు చూసుకోవడం టాలివర్ ఉద్యోగం. కొరీన్ బట్టల రంగు కూడా అందులో భాగమని ఆమెకి ఈ పొద్దునే తెలిసింది. ఆమె ఇస్త్రీ చేస్తున్న చొక్కా భర్తది, కల్నల్ వేడ్ స్ట్రిక్‌ల్యాండ్‌ది. ఆ మధ్యాహ్నం ఆయన అమెరికా చట్టసభ కాంగ్రెస్ వేసిన కమిటీ ముందు సాక్ష్యం చెప్పాలి. టెక్సస్‌లో ఆయన దళం కొండల్లో శిక్షణకి వెళ్ళినప్పుడు ఒక సాయుధ వాహనం వాలులో అదుపు తప్పి బోల్తా పడింది. నడుపుతున్న ఆబెల్ కింటానా అక్కడికక్కడే చనిపోయాడు. బండికి బ్రేకులు పడలేదా, లేక కుర్రాడు తొందరపడ్డాడా, అన్నది తేల్చడానికే ఈ విచారణ. బ్రేకుల సంగతి పైవాళ్ళకి తెలియలేదంటే ఇక మిగిలేది ఆబెల్ తప్పే.

పెద్ద అధికారి సాక్ష్యం చెప్పేటప్పుడు ఆయన వెనక, కుడి భుజానికి కాస్త పక్కగా, కెమెరాకి అందేట్టు ఒక కుర్చీ వేస్తారు. అందులో భార్య కూర్చోవాలి. ఆ నియమం ఏ చట్టంలోనూ లేదు, కానీ సైన్యంలో కాపురం చేసిన ఆడవాళ్ళందరికీ తెలుసు. ముందు మొగుడు మాట్లాడతాడు, వెనక పెళ్ళాం మొహం ఆ మాటలకి హామీ ఉంటుంది. ఈయన మంచివాడు, వేళకి ఇంటికొస్తాడు, ఇలాంటి ఆడది ఊరికే నమ్మదు కదా అని చూసేవాళ్ళు అనుకోవాలి. నోరు విప్పే పని మాత్రం ఆమెకి ఉండదు.

అత్తగారు విల్లాడీన్ పొద్దున్నే ఫోన్ చేసి పాఠం చెప్పింది. ఆవిడ జనరల్ గారి భార్య. "అమ్మాయ్, మీ మామగారి వెనక నేనూ కూర్చున్నదాన్నే. చేతులు ఒళ్ళో పెట్టుకో. వాడు మాట్లాడుతున్నంతసేపూ వాడి తలకేసే చూడు. నువ్వు తల ఊపావనుకో, నువ్వే నేర్పి పంపినట్టుంటుంది. ఈ ఒక్క గండం గట్టెక్కితే వాడి భుజం మీద జనరల్ నక్షత్రం పడ్డట్టే. అది నీది కూడా కదమ్మా!"

నీది కూడా. పెళ్ళయినప్పటినుంచీ కొరీన్ ఆ మాట వింటూనే ఉంది. పెళ్ళినాటికి ఆమె బళ్ళో రసాయనశాస్త్రం చెప్పేది. రెండేళ్ళకో రాష్ట్రానికి బదిలీ, వెళ్ళినచోటల్లా మళ్ళీ కొత్తగా పంతులమ్మ అనుమతి తెచ్చుకోవాలి. కొన్నాళ్ళు పరుగెత్తింది, తర్వాత అలిసిపోయి మానేసింది. మానేసినందుకు పని తగ్గిందా అంటే అదీ లేదు. కల్నల్ పెళ్ళాం అన్నది ఉద్యోగం కాదు కనక జీతం ఉండదు, ఉద్యోగం కాదు కనకే సెలవూ ఉండదు. దళంలో మగవాళ్ళు దేశం దాటి వెళితే వాళ్ళ భార్యల కాన్పులకి ఆమె వెళ్ళాలి, కొత్తగా వచ్చినవాళ్ళకి ఇల్లు చూపించాలి, ఎవరైనా పోతే పలకరించడానికి ముందు నడవాలి. 'మా కుటుంబాలే మా బలం' అని ఉపన్యాసాల్లో చప్పట్లు కొట్టించుకుంటారు. చేతిలో పెట్టే గుర్తింపు కార్డు మీద మాత్రం 'ఆధారితురాలు' అని ఉంటుంది. ఆ మాట అచ్చు వేసినవాడు అలాంటి ఇంట్లో ఒక్క రోజు కూడా ఉండి చూడలేదు కాబోలు.

ఈ చాకిరీలో ముఖ్యమైనది ఫోన్ల వరస. కల్నల్ గారి భార్య కెప్టెన్ల భార్యలకి చెబితే, వాళ్ళు సార్జెంట్ల భార్యలకి, వాళ్ళు సిపాయిల భార్యలకి చెబుతారు. మగవాళ్ళ హోదాలే ఆడవాళ్ళకీ. అయితే ఆ వరసలో కబురు పైనుంచి కిందికే పోతుంది, కిందినుంచి పైకి రాదు. ఒక్క యెసేనియా కింటానా, ఆబెల్ భార్య, ఇరవయ్యేళ్ళు దాటీ దాటని పిల్ల, ఒకరోజు మధ్యలో అందర్నీ దాటేసి నేరుగా కొరీన్‌కి ఫోన్ చేసింది.

"కోప్పడకండి మేడమ్. మీకు చేయకూడదని తెలుసు. ఆబెల్ బండికి బ్రేకులు సరిగ్గా పడట్లేదంట. సార్జెంటుకి చెబితే, 'అన్నీ అలాగే ఉన్నాయి, నీకొక్కడికీ కొత్తది తెప్పించమంటావా' అని కసిరాడంట. వచ్చేవారం కొండల్లోకి పోతున్నారు. కల్నల్ గారి చెవిన ఒక్క మాట వెయ్యండి మేడమ్. మీ మాటయితే వింటారు."

మీ మాటయితే వింటారు అన్నందుకు కొరీన్‌కి లోపల ఎక్కడో గర్వం కలిగింది. ఇప్పుడు ఆ గర్వం గుర్తొస్తే సిగ్గేస్తుంది. ఆ సాయంత్రం భోజనాల దగ్గర ఆమె ఆ మాట చెప్పింది. కింటానా నడిపే బండికి బ్రేకులు పడట్లేదట, ఒకసారి చూడమను, అని అచ్చంగా అదే చెప్పింది. వేడ్ మాంసం ముక్క కోస్తూ తలెత్తలేదు.

"ఎవరన్నారు?"

"ఆ అబ్బాయి భార్య."

"బాగుంది. బండ్ల సంగతి పెళ్ళాలే చూసుకుంటారట, ఇక మేము కేకులు చేసుకుంటూ కూర్చోవచ్చు" అని నవ్వాడు. "వాళ్ళ ఫోన్లు నా కంచం దాకా తేవద్దు కొరీ. ఆ ఉప్పు ఇటివ్వు."

ఆమె ఉప్పు ఇచ్చింది.

వారం తిరక్కుండా ఆబెల్ పోయాడు. పరామర్శకి వెళ్ళినప్పుడు వేడ్ ఆమె వీపు మీద చెయ్యి వేసి పక్కనే నిలబడ్డాడు. ఆమె తెచ్చిన గిన్నె అందుకుని యెసేనియా మెల్లగా అంది: "మీకు నూటెనిమిది పనులు మేడమ్. మర్చిపోయుంటారు. పర్లేదు." మర్చిపోలేదమ్మా, చెప్పాను, అన్న మాట కొరీన్ నాలుక చివరిదాకా వచ్చింది. వీపు మీద చెయ్యి కాస్త బరువెక్కింది. ఆ మాట అక్కడే ఆగిపోయింది. తిడితే తట్టుకునేదేమో, చేయని తప్పుకి ఆ పిల్ల పెట్టిన క్షమాభిక్షని మాత్రం ఆమె ఇప్పటికీ మోయలేకపోతోంది.

ఆ తర్వాతనుంచీ చనిపోయిన ఆబెల్ కొరీన్ వాళ్ళ భోజనాల బల్ల దగ్గరికి రావడం మొదలుపెట్టాడు. ఈ సంగతి కొరీన్ ఎవరికీ చెప్పలేదు, చెబితే మాత్రలు రాసిస్తారు. ఖాళీగా ఉండే మూడో కుర్చీలో, బూట్లకి ఎర్రమట్టితో, టోపీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాడు. బెదిరించడు, ఏడవడు. కల్నల్ గారు కూర్చున్న చోట కూర్చోవడానికి మొహమాటపడుతున్నట్టు కుర్చీ అంచునే ఉంటాడు. వేడ్ వాతావరణం గురించో, ఫుట్‌బాల్ గురించో మాట్లాడుతుంటే ఆబెల్ ఆమెకేసి చూస్తాడు. మేడమ్ ఇప్పుడు మళ్ళీ అడుగుతారు, ఈసారి కల్నల్ గారు ఏదో ఒకటి చెబుతారు, అన్నట్టు మర్యాదగా ఎదురుచూస్తాడు. ఆమెకి భయం వేయదు, ముద్ద మాత్రం దిగదు. ఒళ్ళు తగ్గావు, బాగున్నావు అని వేడ్ మెచ్చుకున్నాడు కూడా.

చొక్కా తొడుక్కున్నాక వేడ్ కుర్చీలో కూర్చుంటే, టాలివర్ కమిటీ అధ్యక్షురాలి వేషం కట్టి ప్రశ్నలు మొదలుపెట్టాడు. కొరీన్ ఇద్దరికీ కాఫీ పోస్తోంది.

"కల్నల్, శిక్షణకి ముందు ఆ వాహనం బ్రేకుల గురించి మీకు ఎవరైనా చెప్పారా?"

"లేదు మేడమ్. నాకు ఎవరూ చెప్పలేదు."

"భేష్. అంతే. ఒక్క మాట ఎక్కువొద్దు, తక్కువొద్దు."

కాఫీ కప్పు దాటి సాసరులోకి పొంగింది. టాలివర్ వెళ్ళేదాకా ఆగి, కొరీన్ అడిగింది.

"నేను చెప్పాను కదా వేడ్."

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. అబద్ధం దొరికిపోయినవాడి మొహం కాదు అది, కొరీన్‌ని భయపెట్టింది అదే. "నువ్వా? ఏదో అన్నావులే. వాళ్ళు అడిగేది అది కాదు కొరీ. కింది అధికారి చెప్పాడా, మెకానిక్కు చెప్పాడా అని. సార్జెంటు కూడా తనకేం గుర్తులేదనేశాడు. నువ్వు చెప్పడం చెప్పడం కిందికి రాదు."

"మరి దేని కిందికి వస్తుంది?"

"ఇంటి మాటల కిందికి. మొగుడూ పెళ్ళాల మధ్య మాటలు కోర్టులు కూడా అడగవు. లాయరు చెప్పాడు." టై సర్దుకుంటూ నవ్వాడు. "ముడి సరిగ్గా ఉందా చూడు."

ఇన్నేళ్ళ కాపురంలో ఆ నోటినుంచి వచ్చిన మాటలన్నీ ఆమెలో భద్రంగా ఉన్నాయి. ఆమె నోటినుంచి వెళ్ళినవి మాత్రం ఆయనలో ఎక్కడా చేరలేదు. కోపం కంటే ముందు కొరీన్‌కి తన మీద తనకే జాలి కలిగింది, తర్వాత ఆబెల్ మీద. ఆ కుర్రాడు చావకుండా ఉండడానికి ఒక వాక్యం చాలు. అది సరైన బల్ల దగ్గరికే, సరైన మనిషి దగ్గరికే, సమయానికే చేరింది. చేర్చింది ఆడది కాబట్టి, అది చేరనట్టే అయింది. ఆమె టై ముడి సరిచేసింది. చేతులకి అలవాటు.

విచారణ గది ఆమె అనుకున్నదానికంటే చిన్నది. కొరీన్ బూడిద రంగు గౌనులో ఆ కుర్చీలో కూర్చుంది, చేతులు ఒళ్ళో పెట్టుకుంది. పక్క వరసలో యెసేనియా ఉంది, ఆబెల్ ఫొటో గుండెలకి ఆనించుకుని. ఒకసారి తల తిప్పి కొరీన్‌ని చూసి, పెద్దవాళ్ళని చూస్తే ఊపినట్టు వినయంగా తల ఊపింది. నోరుమూసుకుంటే నక్షత్రం, పెద్ద ఇల్లు, మిగతా బతుకూ ఉంటాయి. నోరు తెరిస్తే ఈ సాయంత్రం ఎక్కడ పడుకోవాలో కూడా తెలియదు. కొరీన్ రెంటినీ ఎదురుగా పెట్టుకుని చూసింది, మొదటిదంటేనే ఆమెకి ఎక్కువ భయం వేసింది.

అధ్యక్షురాలు తెల్లజుట్టు పెద్దావిడ. కళ్ళద్దాలు తీసి అడిగింది. "కల్నల్, ఆ అబ్బాయి తొందరపాటే కారణమని మీ వాళ్ళు రాశారు. అది రాతల్లో మిగిలిపోయే మాట, అందుకని మళ్ళీ అడుగుతున్నాను. బ్రేకులు పనిచేయడం లేదని మీకు ఒక్కరు కూడా చెప్పలేదా?"

"లేదు మేడమ్. నాకు ఎవరూ చెప్పలేదు."

కొరీన్ లేచి నిలబడింది. "చెప్పారు. ఉప్పు అడిగే ముందు, భోజనాల బల్ల దగ్గర చెప్పారు."

వేడ్ వెనక్కి తిరిగాడు. కెమెరాలన్నీ తిరిగాయి. గోడ దగ్గరి పోలీసు ఒకడు రెండడుగులు ముందుకు వేశాడు. అధ్యక్షురాలు చెయ్యెత్తి అతన్ని ఆపి, కాస్త చిరాగ్గానే అడిగింది.

"ఎవరమ్మా మీరు? మీ పేరు సాక్షుల్లో లేదే."

"లేదండీ" అంది కొరీన్. "కల్నల్ గారు ఇప్పుడు అన్నారే, ఎవరూ చెప్పలేదని. ఆ ఎవరూ నేనే."