ముందు దించడం

మూడో బరువుబిళ్లను తుడిచి అరలోకి తోసి, బంగార్రాజు నాలుగోదాని కోసం వంగాడు. వంగడమంటే నడుము విరుచుకుని వంగడం కాదు. తుంటిని వెనక్కి జరిపి, మోకాళ్లను కాస్త సడలించి, వీపును పలకలా నిలిపి కిందికి దిగుతాడు. నేల మీద పడిన అగ్గిపుల్లనైనా అతడు అలాగే తీస్తాడు. ఆ తీరు చూసి నవ్వినవాళ్లు బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో చాలామందే ఉన్నారు. వాళ్లలో సగం మంది ఇప్పుడు నడుముకు పట్టీ కట్టుకుని తిరుగుతున్నారు.

అరవై ఆరేళ్ల పొట్టి మనిషి. మెడ వెనక ఎండ కాల్చిన నలుపు రిటైరై ఆరేళ్లయినా తగ్గలేదు. ముంజేతులు లావు, పిక్కలు సన్నం. ముప్పై ఎనిమిదేళ్లపాటు స్లీపర్ల కింద కంకర కూరిన చేతుల బొటనవేళ్లు రెండూ బయటికి తిరిగిపోయాయి. పొద్దున్నే మోకాళ్లకు సాగే పట్టీలు చుట్టుకున్నాక, డ్యూటీ దిగే డ్రైవరు ఇంజన్ను తట్టినట్టు, వాటిని అరచేత్తో ఒక్కోసారి తడతాడు. దేవుడికి దండం మరిచిన రోజులున్నాయి గాని, మోకాళ్లకు ఆ మర్యాద తప్పిన రోజు లేదు.

కాలనీవాళ్ల క్లబ్బైన రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో ఒకప్పుడు బిలియర్డ్స్ ఆడిన గదే ఇప్పటి జిమ్ము. ఆ బల్ల కాళ్ల గుంటలు ఇంకా నేల మీద ఉన్నాయి. సర్టిఫికెట్ ఉన్న కోచ్ సాయంత్రాలు వస్తాడు. పొద్దున తాళం తీయడం, ఊడవడం, తుడవడం, తాళం వేయడం, ఇంతవరకే బంగార్రాజు పని. కొత్తవాళ్లకు నేర్పమని అతనికి ఎవరూ చెప్పలేదు. నాలుగేళ్ల కిందట ఒక గుమస్తా వీపు గుండ్రం చేసి ఇనుపకడ్డీ ఎత్తబోతుంటే చూడలేక, "ఒగ్గేయ్ బాబూ, ఒగ్గేయ్" అని కేకేశాడు. అక్కణ్నుంచి మొదలైంది.

అతని దగ్గరికి వచ్చిన కొత్తవాళ్లెవరికీ మొదటి పదిహేను రోజులు ఇనుము దొరకదు. గోడకు కొట్టిన రెండు రైలుపట్టా మేకుల మీద ఒక కర్ర అడ్డంగా ఉంటుంది. కంకర కూరే బీటరుకు ఇనుప తల ఊడదీయగా మిగిలిన పిడి అది. దాన్ని వీపు మీద నిలువుగా పట్టుకోవాలి. తల వెనక, భుజాల నడుమ, నడుము చివర, మూడుచోట్లా తగలాలి. వంగినప్పుడు ఏ ఒక్కచోట ఎడమైనా వంగడం రానట్టే. ఆ తరువాత గోడకు చేతులానించి తోయడం, కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేవడం, రెండు చేతులా రెండు బకెట్లు పట్టుకుని నడవడం. వారానికి మూడు రోజులే పని. మిగిలిన రోజులు విశ్రాంతి. అదీ పనిలో భాగమేనని అతడు చెబితే కుర్రకారు నమ్మరు.

అయిదున్నరకు నాగభూషణం మాస్టారు వచ్చారు. రైల్వే బడిలో సైన్సు చెప్పి రిటైరైన డెబ్బై రెండేళ్ల బక్కపలచని మనిషి. కుర్చీలోంచి పన్నెండుసార్లు లేచి కూర్చుని, ఊపిరి తీసుకుంటూ నవ్వారు.

"చూశావా బంగార్రాజూ, మూడు నెలల కిందట నాలుగు. ఇప్పుడు పన్నెండు. కండ మాత్రం ఇదిగో, ఇంతే!"

"కండ నేకపోతే బలం ఏటినుంచి వొచ్చింది మాస్టారూ?"

"మొదట్లో పెరిగే బలంలో ఎక్కువ భాగం కండది కాదయ్యా, నరాలది. ఉన్న కండనే ఎలా పిలవాలో మెదడు నేర్చుకుంటుంది. పిలుపు కుదిరితే కండ పలుకుతుంది."

బంగార్రాజు గుడ్డ పిండుతూ ఆ మాటను మనసులో తిప్పుకున్నాడు. మాస్టారి మాటలంటే అతనికి గౌరవం. నిరుడు వైద్య కళాశాలకు తన దేహాన్ని రాసి ఇచ్చిన కాగితం మీద సాక్షి సంతకం కూడా ఆయనదే.

"అన్నట్టు, ఆ కాగితం ఇంట్లో జాగ్రత్తగా ఉందా? మొదటి ఏడాది పిల్లలకు నువ్వు పాఠం అవుతావయ్యా."

"మంచిదే గదండీ. నానెప్పుడూ కొత్తోళ్లకే గదా సెప్పింది" అన్నాడు బంగార్రాజు. అంటూ ఎడమ భుజం కింద అరచేత్తో రుద్దుకున్నాడు.

"ఏమిటది?"

"రేతిరి పక్క మారనేదు. రేపటికి తగ్గకపోతే ఆసుపత్రికెల్తాను. ఇయ్యాల పిల్ల వొస్తాది."

పిల్ల అంటే శ్వేత. వయసు ముప్పై రెండు. తిఫ్రాలో ఒక ట్రాన్స్‌పోర్టు గోదాములో అట్టపెట్టెలు కడుతుంది. రైల్వేలో ట్రాక్ పనికి రాతపరీక్ష గట్టెక్కింది. మర్నాడు పొద్దున దేహదారుఢ్య పరీక్ష. అందులో పరుగుకు ఆమె భయపడదు. భయమల్లా బరువు మోతకే. ఇరవై కిలోల సంచీ ఎత్తి, నూరు మీటర్లు, రెండు నిమిషాల్లో, మధ్యలో దించకుండా మోయాలి. ఒక్కటే అవకాశం. వయసు గడువుకు ఇదే ఆఖరు. మూడు నెలల కిందట ఆమె ఎనిమిది కిలోలు కూడా నేలనుంచి లేపలేకపోయింది.

స్కూటీ ఆపి లోపలికి వచ్చిన శ్వేత మణికట్టుకు కొత్తగా ఎర్రదారం ఉంది. మాస్టారు కళ్లజోడు సర్దుకున్నారు.

"ఆ దారం ఎన్ని కిలోలు మోస్తుందమ్మా?"

"అమ్మ కట్టింది సర్" అని ఆమె చెయ్యి వెనక్కి దాచుకుంది.

"ఉండనీండి మాస్టారూ, దాని బరువేటి! అదీ ఎత్తీగల్దు" అన్నాడు బంగార్రాజు. ముగ్గురూ నవ్వారు.

పెరట్లో గోడకూ గేటుకూ మధ్య నాలుగుసార్లు నడిస్తే నూరు మీటర్లు. అతడు గోనెను రెండు పొరలుగా కుట్టి, ఇసుక నింపి, సరిగ్గా తూచిన సంచీ నేల మీద ఉంది. శ్వేత తుంటి వెనక్కి జరిపి వంగి, సంచీ పట్టుకుంది. మూడు నెలలుగా చేస్తున్నట్టే బంగార్రాజు వెనక నిలబడి, రైలుపట్టాలు మోసే గ్యాంగువాళ్ల పిలుపు అందుకున్నాడు.

"జోర్ లగాకే..."

రెండో సగం, 'ఐసా' అనే ఆ ఒక్క మాట, దగ్గు అడ్డం పడి గొంతులోనే ఉండిపోయింది. శ్వేత వంగినది వంగినట్టే ఉంది. సంచీ లేవలేదు. లేపబోయి, సగంలో వదిలేసి, ఆమె తిరిగి చూసింది.

"ఏటమ్మీ, ఎత్తవేటి?"

"మీరు పిలవనేదు గదా బాబాయ్!"

అనేశాక ఆ మాట ఆమెకే వినిపించింది. ముఖం పాలిపోయింది. "కల్ కౌన్ బులాయేగా? బాబాయ్, రేపు నన్నెవురు పిలుస్తారు?"

బంగార్రాజు అక్కడే స్టూలు మీద కూర్చుండిపోయాడు. తప్పు ఆమెది కాదు. పట్టా మోసే గ్యాంగులో పన్నెండుమందీ ఒకే పిలుపుకు ఎత్తాలి, ఒకే పిలుపుకు దించాలి. పిలుపుకు ముందు ఎత్తినవాడి నడుం పోతుంది. పిలుపుకు ముందు వదిలినవాడి వల్ల పక్కవాడి కాలు పోతుంది. ఆ అలవాటును అతడు ఆలోచించకుండా ఒంటరిగా మోయవలసిన మనిషికి నేర్పాడు. రేపు మైదానంలో ఈల మాత్రమే ఉంటుంది. మాస్టారి మాట గుర్తొచ్చింది. ఆమె కండను పిలుస్తున్నది ఆమె మెదడు కాదు, తన గొంతు.

"తప్పు నాది. మల్లీ సేద్దాం. ఇయ్యాల నాను పిలవను, సూడను కూడా. ఊపిరి ఒగ్గు. అదే నీ పిలుపు."

"నేకపోతే?"

"నేకపోతే మల్లీ."

స్టూలు గోడవైపు తిప్పుకుని కూర్చున్నాడు. గోడ మీద సున్నం పెచ్చులూడిన చోట అతనికి తన పాత గ్యాంగు పెద్ద అమ్మన్న ముఖం కనిపించిందని చెప్పలేం గాని, అమ్మన్న మాత్రం గుర్తొచ్చాడు.

బంగార్రాజుకు అప్పుడు ఇరవై రెండేళ్లు. పనిలో చేరి నెల. మే నెల ఎండలో కాగిన పట్టాను పన్నెండుమంది పట్టుకార్లతో మోస్తున్నారు. అరచేతులు బొబ్బలెక్కాయి. మేట్ అమ్మన్న దించే పిలుపు ఇవ్వబోతున్నాడు. ఇంకొక్క ఊపిరి. ఆ ఊపిరి ఆగలేక బంగార్రాజు వదిలేశాడు. పట్టా ఒరిగి అమ్మన్న కుడికాలి మీద పడింది. రెండు వేళ్లు పోయాయి. విచారణలో అమ్మన్న, "నా కాలే జారింది బాబూ" అని ఒకే మాట మూడుసార్లు చెప్పాడు. నెలన్నరకు కుంటుకుంటూ డ్యూటీకి వచ్చిన రోజున తన బీటరు తల ఊడదీసి, పిడిని బంగార్రాజు చేతికిచ్చాడు. "ఎవుడైనా ఎత్తుతాడు. ముందు దీన్ని దించడం నేర్సుకో" అన్నాడు. అంతకు మించి ఆ సంగతి ఏనాడూ ఎత్తలేదు.

ఉద్యోగం, క్వార్టరు, అప్పయమ్మతో పెళ్లి, ముప్పై ఎనిమిదేళ్ల రెండు పూటల తిండి, అన్నీ ఆ ఒక్క అబద్ధం మీద నిలిచినవే. అమ్మన్న బతికుండగా బంగార్రాజుకు కృతజ్ఞత చెప్పడం చేతకాలేదు. పిడి చేతిలో పెట్టి కొత్తవాళ్లను నిలబెట్టిన ప్రతి పొద్దునా చెప్పుకుంటూనే ఉన్నాడు.

వెనక ఒక ప్రయత్నం విఫలమైంది. సంచీ ధబ్బున పడింది. అతడు తిరగలేదు. రెండోసారి ఊపిరి వినిపించింది, పొడుగ్గా, ఇంజన్ ఆవిరి వదిలినట్టు. తరువాత అడుగులు. గోడ దాకా వచ్చి, వెళ్లి, మళ్లీ వచ్చి, వెళ్లాయి. ఆ తరువాత ఏ చప్పుడూ లేదు. ఆగిపోయిందా? సగంలో నిలబడిపోయిందా? చాలాసేపు ఓపిక పట్టి, చివరికి తిరిగి చూశాడు.

సంచీ గేటు దగ్గర నేల మీద ఉంది. పక్కనే శ్వేత చేతులు దులుపుకుంటోంది. పసిబిడ్డను పడుకోబెట్టినట్టు దించింది; అందుకే వినపడలేదు.

"నిమిషం నలభై" అన్నారు మాస్టారు గడియారం చూస్తూ.

"అచ్ఛా?" అంది శ్వేత నమ్మలేనట్టు.

బంగార్రాజు తలూపాడు. "సాలు. ఇంక ఇయ్యాల ముట్టుకోకు. రెండు గుడ్లు తిను, పెందలాడే పడుకో. రేపు పనయ్యాక ఇటొచ్చి సెప్పెల్లు."

తొమ్మిదింటికి జిమ్ముకు తాళం వేసి ఇంటికి వెళ్లాడు. స్నానం చేశాడు. అప్పయమ్మ పోసిన చోడి అంబలి రెండు గ్లాసులు తాగాడు. "పిల్ల దించింది సూడు, సప్పుడే నేదు" అని రెండుసార్లు చెప్పాడు. "నీ గోల నువ్వూను, ముందు కాసేపు తొంగో" అంది ఆమె. చాప మీద వెల్లకిలా పడుకున్నాడు. నాలుగింటికి టీ పట్టుకొచ్చి అప్పయమ్మ పిలిచింది. మళ్లీ పిలిచింది. గ్లాసు కింద పెట్టి, భుజం మీద చెయ్యి వేసి, ఇక పిలవలేదు.

కాగితం ప్రకారం మాస్టారు ఫోను చేశారు. చీకటి పడకముందే వైద్య కళాశాల బండి వచ్చింది. స్ట్రెచర్ పట్టిన మనుషులతో అప్పయమ్మ అంది: "నడుం జాగ్రత్త బాబూ. ఇన్నేళ్లు ఒంగకుండా దాసుకున్నాడు." బండి మలుపు తిరిగాక మాస్టారి వైపు చూసి, "తిఫ్రా పిల్లకు ఇప్పుడే సెప్పకండి. రేపు బరువెత్తాల" అంది.

మర్నాడు శ్వేత మైదానంలో గీత దగ్గర నిలబడింది. ఈల మోగింది. ఊపిరి వదిలి ఎత్తింది. నూరు మీటర్లు దాటినవాళ్లందరూ సంచీ పడేసి కూలబడుతుంటే, ఆమె తుంటి వెనక్కి జరిపి నెమ్మదిగా దించింది. గడియారం పట్టుకున్న ఉద్యోగి ఆశ్చర్యంగా చూసి, ఆమె నంబరు ఎదురుగా టిక్కు పెట్టాడు.

పన్నెండింటికి పరుగున జిమ్ముకు వచ్చింది. స్టూలు మీద మాస్టారు కూర్చుని ఉన్నారు.

ఆయన చెప్పారు. ఆమె తలుపు పట్టుకుని నిలబడిపోయింది.

"నానెత్తింది బాబాయ్ చూడనేదు" అంది.

పైనుంచి చూశాడని చెప్పడం మాస్టారికి చేతకాదు. జీవితమంతా తెలిసినదే చెప్పిన మనిషి ఆయన. "చూడలేదమ్మా" అన్నారు. "నిన్న పొద్దున నువ్వు చప్పుడు లేకుండా దించిన సంగతి మాత్రం తెలుసు. ఇంటికెళ్లి రెండుసార్లు చెప్పుకున్నాడట."

శ్వేత ఏడ్చింది. ఏడ్చి, ముఖం కడుక్కుని, మూల పడి ఉన్న బకెట్లో గుడ్డ తడిపి, అరల్లోని బరువుబిళ్లలు ఒక్కొక్కటే తుడవడం మొదలుపెట్టింది. వంగిన ప్రతిసారీ ఆమె వీపు పలకలా నిలిచింది.

గోడకు, రెండు పట్టామేకుల మీద, బీటరు పిడి అడ్డంగా ఉంది. ఇద్దరు మనుషుల చేతులు పట్టీ పట్టీ రెండుచోట్ల సన్నబడి, నునుపుదేలి, కిటికీ వెలుతురుకు ఆ రెండుచోట్లే మెరుస్తోంది.