కిల్న్ లేన్‌లో శనివారాలు

కౌన్సిల్ ఎన్నికలకి నిలబడ్డ రోడ్నీ పికర్స్‌గిల్ సంతకాల కాగితం పట్టుకుని తలుపు తట్టేసరికి ఏవ్రిల్ సగ్డెన్ కేకు పిండి కలుపుతోంది. చేతులు తుడుచుకోకుండానే వెళ్ళి తలుపు తీసింది.

"ఒక్క నిమిషం అమ్మా. మన గుట్టకి వెళ్ళాలంటే ముందు కంప్యూటర్లో టైము అడుక్కోవాలట. ఇదెక్కడి చోద్యం చెప్పండి! మన చెత్త, మన పన్ను, మన గుట్ట. మీలాంటి పెద్దవాళ్ళకి ఎంత ఇబ్బంది! దీన్ని తీసేయించడానికే ఈ సంతకాలు" అన్నాడు.

గుట్ట అంటే హార్న్‌లీ కౌన్సిల్ వారి రీసైక్లింగ్ కేంద్రం. పాత పరుపులు, పగిలిన అద్దాలు, చెడిపోయిన ఫ్రిజ్‌లు, కొట్టేసిన కొమ్మలు అన్నీ జనం కార్లలో వేసుకొచ్చి అక్కడి ఇనప తొట్లలో పడేసి పోతారు. పేరు మార్చి పదిహేనేళ్ళయినా ఊళ్ళో ఎవరూ గుట్ట అనడం మానలేదు.

"మీలాంటి పెద్దవాళ్ళు" అన్న దగ్గరే ఏవ్రిల్‌కి ఒళ్ళు మండింది. ఆమెకి అరవై మూడు. ముప్పై ఏళ్ళు బడి వంటగదిలో రోజుకి రెండు వందల మంది పిల్లలకి వండి వడ్డించింది. పికర్స్‌గిల్ ఆమెకన్నా మహా అయితే పదేళ్ళు చిన్న.

"నాకే ఇబ్బందీ లేదు. శనివారం పొద్దున్న మీరెప్పుడైనా ఈ వీధిలో నిలబడ్డారా?" అంది.

"నేను ఉండేది పైన పార్కు దగ్గరమ్మా."

"అదే అనుకున్నా" అని తలుపు వేసేసింది. గొళ్ళానికి పిండి అంటుకుంది.

కిల్న్ లేన్‌కి ఒకటే దారి. ఈ చివర పెద్ద రోడ్డు, ఆ చివర గుట్ట, మధ్యలో ఇరవై రెండు ఇళ్ళు. బుకింగ్ రాకముందు శనివారం వచ్చిందంటే పొద్దున్న ఏడింటికే కార్లు బారులు తీరేవి. ఇంజన్లు ఆపరు, పొగంతా ఇళ్ళలోకే. తొట్టి నిండితే గేటు మూస్తారు, లారీ వచ్చి ఖాళీ తొట్టి పెట్టేదాకా క్యూ కదలదు. విసుగెత్తిన వాళ్ళు సంచులు అక్కడే గోడ పక్కన పడేసి వెళ్ళిపోయేవాళ్ళు. ఏవ్రిల్ గులాబీ మొక్కల మీద ఒకసారి టాయిలెట్ కమోడ్ దొరికింది.

కిందటేడాది కౌన్సిల్ బుకింగ్ పెట్టింది. సెల్‌ఫోను తెర మీదో కంప్యూటర్లోనో కారు నంబరిచ్చి ఏ రోజో, ఏ వేళో ఎంచుకోవాలి. అరగంటకి ఇరవై కార్లే. అది మొదలైన శనివారం ఏవ్రిల్ కిటికీ తెరిస్తే వీధిలో పిట్టల అరుపు వినబడింది. ఆమెకి అన్నిటికన్నా ముఖ్యం మరొకటుంది. భర్త క్లిఫర్డ్‌కి మూత్రపిండాలు పోయాయి. మంగళ, గురు, శనివారాల్లో ఆసుపత్రి బండి వచ్చి తీసుకెళ్తుంది, నాలుగు గంటలు డయాలసిస్ మిషను మీద ఉండాలి. ఆ ఏడాదంతా బండి ఒక్క రోజూ ఆలస్యం కాలేదు.

పికర్స్‌గిల్ కాగితం మీద రెండు వేల పైచిలుకు సంతకాలు పడ్డాయి. మేలో అతను కౌన్సిలర్‌గా గెలిచాడు. గెలిచిన పది రోజులకే నాలుగు వారాలు బుకింగ్ ఆపి చూద్దామని తీర్మానం చేయించాడు. ఎవరైనా ఎప్పుడైనా రావచ్చు. మొదలుపెట్టింది ఎప్పుడంటే, సోమవారం కూడా సెలవు కలిసొచ్చిన శనివారం.

ఆ పొద్దున్న ఎనిమిదికి ఆసుపత్రి బండి డ్రైవరు నదీమ్ ఫోన్ చేశాడు.

"ఏవ్రిల్, పెద్ద రోడ్డు మీద పెట్రోలు బంకు దగ్గరే ఇరుక్కుపోయాను. నా ముందు అరవై కార్లుంటాయి. హారన్ కొడితే తిడుతున్నారు."

ఏవ్రిల్ ఇంట్లో వేసుకునే చెప్పులతోనే బయటికి పరుగెత్తింది. ఇంటి గేటు ముందు ఆగిన కారు మీద సోఫా తాళ్ళతో కట్టి ఉంది. అద్దం తట్టింది.

"కాస్త పక్కకి తియ్యండి బాబూ. ఆసుపత్రి బండి రావాలి."

"ఎక్కడికి తియ్యమంటావ్? గాల్లోకా? ఏడింటి నుంచీ ఉన్నాను. పక్కకి తీస్తే నా చోటు పోతుంది."

"మా ఆయనకి డయాలసిస్. ఎనిమిదిన్నరకి అక్కడుండాలి."

"అందరికీ ఏదో ఒకటి ఉంటుందిలే" అని అద్దం పైకెత్తేశాడు.

ఆమె ఇంకో నాలుగు కార్లు తట్టింది. ఒకావిడ పాపం నిజంగానే జరగబోయింది కానీ ముందూ వెనకా సందు లేదు. చివరికి క్లిఫర్డ్‌కి కోటు తొడిగి నడిపించుకుని బయల్దేరింది. పెద్ద రోడ్డుకి పావు మైలు, అంతా ఎత్తు. పది అడుగులకోసారి ఎవరిదో ఒకరి గోడ మీద కూర్చోబెట్టడం, ఊపిరి తీసుకోనివ్వడం, లేపడం.

"రాణీగారి ఊరేగింపులా ఉందే. కారుకొకరు చూస్తున్నారు" అన్నాడు క్లిఫర్డ్ ఆయాసపడుతూ.

"నోరు మూసుకుని నడు" అంది. అతను నవ్వించబోతున్నాడని తెలిసి ఆమెకి ఇంకా కోపమొచ్చింది.

ఆసుపత్రి చేరేసరికి పదకొండవుతోంది. ఒంటిగంటకి ఆ మిషను మీద మరో మనిషి రావాలి. నర్సు ఎంత వెతికినా ఖాళీ దొరకలేదు. నాలుగు గంటలు పట్టేది రెండు గంటల్లోనే ఆపి, నీళ్ళు బాగా తగ్గించి తాగమని మరీ మరీ చెప్పి పంపింది. వాళ్ళు చెప్పినట్టే చేశారు. అయినా సోమవారం తెల్లవారేసరికి క్లిఫర్డ్ మంచం మీద పడుకోలేక కుర్చీలో కూర్చుని, చేప గాలికి నోరు తెరిచినట్టు తెరుస్తున్నాడు. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరింది. అంబులెన్సు వచ్చింది. మూడు రోజులు ఆసుపత్రిలో ఉంచేశారు.

బుధవారం అతను కాస్త తేరుకున్నాడని తెలియగానే ఏవ్రిల్ తిన్నగా గుట్టకి నడిచింది. ఎవరో ఒకర్ని కేకలేయకపోతే ఆ రోజు ఆమెకి ముద్ద దిగేలా లేదు. గేటు దగ్గర నారింజ రంగు కోటులో మార్లీన్ ఉంది. ఎనిమిదేళ్ళుగా అక్కడే పని. మార్లీన్ ముఖం చూడగానే కేకలు మానేసి దగ్గరికి వెళ్ళింది. ఆమె చెంప మీద గీసుకుపోయిన ఎర్రటి చార.

"ఏమైంది?"

"కర్టెన్ రాడ్డు. ముందు వచ్చింది నేనంటే నేనని ఇద్దరు కొట్టుకుంటుంటే మధ్యలోకెళ్ళాను. బుకింగ్ ఉన్నప్పుడు ఎవరి టైము వాళ్ళది తల్లీ, కొట్టుకోవడానికేముంది? రేపు ఎన్ని కార్లొస్తాయో ముందే తెలిసేది. లారీని ముందే పిలిచేవాళ్ళం, తొట్టి నిండేలోపే మారేది. ఇప్పుడు రోజుకి మూడుసార్లు గేటు మూస్తున్నాం. పక్క జిల్లా మేస్త్రీలు వ్యాన్లనిండా కూల్చిన గోడలు తెచ్చి పోస్తున్నారు, కారు నంబరు లేదు, ఊరు లేదు, ఎవర్ని అడగను? నిన్న ఎవడో కర్రల తొట్టిలో బ్యాటరీ పడేశాడు. అంటుకుంది. ఇదివరకైతే ప్రతి కారు దగ్గరికీ వెళ్ళి ఇది ఇక్కడ, అది అక్కడ అని చెప్పడానికి తీరిక ఉండేది. బాగున్న సైకిళ్ళు, కుర్చీలు తీసి, పాత సామాను అమ్మి పేదలకిచ్చే దానాల కొట్టుకి పంపేవాళ్ళం. ఈ వారం ఒక్కటీ పంపలేదు."

"మరి ఇదంతా కౌన్సిల్‌కి చెప్పవేం?"

"నేను ఉద్యోగిని. నోరు తెరిస్తే పని పోతుంది. వచ్చే గురువారం మీటింగు. ఊరివాళ్ళకి మూడేసి నిమిషాలు ఇస్తారు. నువ్వెళ్ళు."

ఏవ్రిల్ వెళ్ళింది. హాలు నిండిపోయింది. ముందు వరసలో టాస్కర్ ముసలాయన కూర్చున్నాడు, ఎనభై నాలుగేళ్ళ విల్ఫ్ టాస్కర్. పికర్స్‌గిల్ అతన్ని పిలుచుకొచ్చాడని చూడగానే తెలుస్తోంది. పెద్దాయన్ని అడ్డం పెట్టుకుని మాట్లాడతారన్నమాట అనుకుని ఏవ్రిల్ పళ్ళు నూరింది.

విల్ఫ్ లేచి నిలబడి టోపీ నలుపుకుంటూ మెల్లగా చెప్పాడు. "నా భార్య కిందటి చలికాలంలో పోయింది. ఆవిడ పరుపు ఇంట్లో ఉంచుకోలేకపోయాను. పక్కింటి కుర్రాడి కారు మీద వేసుకుని గుట్టకి వెళ్ళాను. బుకింగ్ లేదని పంపించేశారు. నాకు కంప్యూటర్ లేదు. ఆ ఫోను ఎలా నొక్కాలో తెలీదు. ఆ పరుపు ఇంకో రెండు నెలలు హాల్లో ఉంది. రోజూ దాని పక్కనుంచే నడిచేవాణ్ణి. అంతే నేను చెప్పేది." కూర్చున్నాడు.

ఏవ్రిల్ రాసుకొచ్చిన కాగితంలో ఆ ముసలాయన మీద రెండు ఘాటు ముక్కలున్నాయి. ఆమె కాగితం మడిచి చేతిసంచిలో పెట్టేసింది.

"నా పేరు ఏవ్రిల్ సగ్డెన్. మా ఇల్లు కిల్న్ లేన్‌లో" అని మొదలుపెట్టింది. శనివారం సంగతి చెప్పింది. సోఫా మనిషి అన్న మాట అన్నట్టే చెప్పింది. క్లిఫర్డ్ కుర్చీలో కూర్చుని గాలికోసం కొట్టుకున్న పొద్దుటి సంగతి చెప్పేటప్పుడు గొంతు పైకి లేచింది, తగ్గించుకోవాలని ఆమెకి అనిపించలేదు.

"టాస్కర్ గారికి జరిగింది అన్యాయమే. సిగ్గుచేటు. కానీ ఫోను నొక్కలేని మనిషికి చెయ్యాల్సిందేమిటి? నొక్కక్కర్లేని ఫోను పెట్టడం. అవతల ఒక మనిషి ఎత్తి, ఏ రోజు కావాలండీ అని అడగడం. లైబ్రరీలో ఒక బల్ల వెయ్యడం. అది వదిలేసి మొత్తం పీకి పారేస్తారా? ఆయన పరుపు హాల్లో పడి ఉందని మా ఆయన్ని వీధిలో నిలబెడతారా? మీలో ఎంతమంది ఆ శనివారం కిల్న్ లేన్‌కొచ్చారు? చెయ్యెత్తండి."

ఎవరూ ఎత్తలేదు. పికర్స్‌గిల్ బల్ల మీది కాగితాలు సర్దుకున్నాడు.

"తాత్కాలికమైన అసౌకర్యం..." అని అతను ఏదో అనబోయాడు.

"అసౌకర్యమా! మా ఆయన ఊపిరితిత్తుల్లో నీళ్ళు అసౌకర్యమా?" అంది ఏవ్రిల్. మూడు నిమిషాలు అయిపోయాయని అధ్యక్షురాలు గంట కొట్టింది. ఏవ్రిల్ ఇంకో నిమిషం మాట్లాడింది, ఆ మాటలన్నీ మీటింగు మినిట్స్ పుస్తకంలో రాయలేదు.

పదకొండు మంది కౌన్సిలర్లలో ఆరుగురు బుకింగ్ తిరిగి పెట్టాలన్నారు. దాంతోపాటు మనిషి మాట్లాడే ఫోను, లైబ్రరీలో సాయం, తెలియక వచ్చినవాళ్ళకోసం గంటకి రెండు చోట్లు ఖాళీగా ఉంచడం కూడా ఒప్పుకున్నారు. హాలు బయట విల్ఫ్ ఆమె చెయ్యి పట్టుకుని, "మీవారు ఎలా ఉన్నారు?" అని అడిగాడు. ఆ మాట ఆ సాయంత్రం మరెవరూ అడగలేదు.

జూన్ మధ్యకల్లా వీధి మళ్ళీ వీధిలా అయింది. నదీమ్ ఎనిమిదికి పది నిమిషాల ముందే వచ్చి ఇంటిముందు బండి ఆపుకుని పేపరు చదువుకుంటున్నాడు. సంగతి ఇక్కడితో అయిపోతే ఏవ్రిల్ కూడా ఊరుకునేదే. కానీ ఒక పొద్దున్న తలుపు సందులోంచి రంగు కాగితం పడింది. గుట్ట గేటు ముందు నవ్వుతూ పికర్స్‌గిల్. కింద పెద్ద అక్షరాలు: "మన పెద్దల కోసం పోరాడి ఫోను బుకింగ్ సాధించాను."

క్లిఫర్డ్ చదివి కుర్చీ ఊగేలా నవ్వాడు. ఏవ్రిల్ నవ్వలేదు. కోటు వేసుకుని సంతకి వెళ్ళింది. అక్కడ జనంతో మాట్లాడడానికి బల్ల వేసుకుని కూర్చున్న పికర్స్‌గిల్ ముందు ఆ కాగితం పెట్టింది.

"సాధించింది మీరా?"

"ఇది మనందరి విజయం అమ్మా" అన్నాడతను, చుట్టూ ఉన్నవాళ్ళు వినేలా.

"అలాగా. మరి శనివారం మా ఇంటికొచ్చి మా ఆయనకి క్షమించమని ఒక్క మాట చెప్పండి. ఏడున్నరకి రండి, బండి వచ్చేలోపు. బుకింగ్ అక్కర్లేదు."

చుట్టూ ఉన్న జనం గొల్లున నవ్వారు. వస్తానని అతను పదిమంది ముందు మాటిచ్చాడు. అందుకని ఆ శనివారం ఏడున్నరకి ఏవ్రిల్ టీ పెట్టి మూడో కప్పు కూడా తీసింది. ఎనిమిది కావస్తుంటే నదీమ్ వచ్చాడు. ఆ కప్పులో టీ అతను తాగాడు. క్లిఫర్డ్‌ని బండిలో ఎక్కించుకుని, ఖాళీ వీధిలోంచి నిమిషంలో పెద్ద రోడ్డెక్కాడు. పికర్స్‌గిల్ ఆ శనివారం రాలేదు, తర్వాత శనివారమూ రాలేదు.